వెండి బేడ

వాయల్పాడు, మదనపల్లె వైపు పాత ఇళ్ళలో ట్రంకుపెట్టెలు దులిపితే రాగి కాణీలు గుప్పెడైనా రాలతాయి. అదృష్టం బాగుంటే గుడ్డమూటలో రాణి రూపాయో, జార్జి రూపాయో కూడా బయటపడుతుంది. వెండి బేడ, అంటే రెండణాల బిళ్ళ, కనిపించడం మాత్రం తక్కువ. రూపాయి దాచుకునే నాణెం, బేడ ఖర్చుపెట్టే నాణెం. సంతలో చేతులు మారి మారి అరిగింది, అరిగింది కాబట్టి కంసాలి మూసలోకి పోయింది, కొన్ని జారి మట్టిలో కలిశాయి. మరీ చిన్న బిళ్ళ కదా. అడ్డంగా కొలిస్తే సుమారు 15 మిల్లీమీటర్లు, తూకం గ్రామున్నర కూడా నిండదు.

ఆ తూకానికో లెక్క ఉంది. 1835లో ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం తన రాజ్యమంతటికీ ఒకే రూపాయి అని చట్టం చేసింది. రూపాయి బరువు 180 గ్రెయిన్లు, అంటే సరిగ్గా తులం. అందులో పన్నెండు పాళ్ళకు పదకొండు పాళ్ళు వెండి. అందుకే తూకపురాయి దొరకనప్పుడు తక్కెట్లో రూపాయి బిళ్ళ వేస్తే సరిపోయేది. అర్ధరూపాయి అరతులం, పావలా పావుతులం. రెండణాల బేడ 1841లో వచ్చి తులంలో ఎనిమిదో వంతు, అంటే 1.46 గ్రాములు తూగింది. ఎంత చిన్నదైనా వెండి పాలు మాత్రం రూపాయిలో ఉన్నంతే.

అంతకుముందు మన సీమలో నడిచింది వరహాలు, రూకలు. 1800లో నిజాం ఈ సీమను కంపెనీకి దత్తం చేశాక మద్రాసు టంకశాల నాణేలు ఇక్కడికీ చేరాయి. 1807-08 ప్రాంతంలో అక్కడ కొట్టిన వెండి అరవరహా మీద ఒక పక్క గుడి గోపురం, ఇంకో పక్క విష్ణువు. చుట్టూ ఇంగ్లీషు, పారశీకం, తమిళంతోపాటు తెలుగు అక్షరాలూ ఉన్నాయి. 1818లో మద్రాసులో రూపాయి ప్రమాణమైంది, 1835 తర్వాత అందరికీ ఒకటే అచ్చు. ఆ అచ్చులో తెలుగుకు చోటు లేదు. వెండి బేడ పుట్టిన నాటినుంచి పోయేదాకా దాని మీద ఒక్క తెలుగు అక్షరం లేదు. తెలుగు, తమిళం, కన్నడం మూడూ వినబడే కుప్పం సంతలో చాలామంది దాన్ని పరిమాణం చూసే పోల్చుకుని ఉండాలి.

1841 బేడ మీద విక్టోరియా తల బోసిగా ఉంటుంది. మళ్ళీ 1862 దాకా బేడ మీద సంవత్సరం మారలేదు. 1862లో రాణికి కిరీటం పెట్టారు, 1877 నుంచి రాణి కాస్తా సామ్రాజ్ఞి అయింది. ఎడ్వర్డు బేడలు 1903 నుంచి 1910 దాకా నడిచాయి. వాటి గురించి చెప్పుకోడానికి పెద్దగా ఏమీ లేదు, రాజుకు కిరీటం లేదన్నది తప్ప.

అసలు తమాషా 1911లో జరిగింది. కడప జిల్లాలోని వాయల్పాడు, మదనపల్లె తాలూకాలను తీసుకుని చిత్తూరు జిల్లా ఏర్పడిన ఏడాది అది. ఆ ఏడే అయిదో జార్జి నాణేలు వచ్చాయి. రాజు మెడలోని హారంలో ఒక ఏనుగు బొమ్మ ఉంది. చెక్కినవాడు తొండం పొట్టిగా చెక్కాడో ఏమో, చూసినవాళ్ళకు అది పందిలా కనిపించింది. పంది బొమ్మ ఉన్న డబ్బు ముట్టేదెలా అని ముస్లింలలో కలకలం రేగింది. ప్రభుత్వం ఆ రూపాయలను ఆపేసి చాలామటుకు కరిగించింది, 1912లో తొండం సాగదీసి కొత్త అచ్చు వేసింది. 1911 బేడ మీద ఉన్నదీ ఆ పాత అచ్చు ఏనుగే. కానీ బేడ మీద అది ఆవగింజంత, భూతద్దం లేనిదే తొండం పొడవు తేలదు. సేకరించేవాళ్ళకు అదే పరీక్ష. బేడ అరిగితే ముందు పోయేవాటిలో ఆ హారమూ ఒకటి. ఏనుగు స్పష్టంగా కనిపించే 1911 బేడ చేతికి వస్తే బేరం ఆడకుండా తీసుకోవచ్చని నా అభిప్రాయం.

వెండి బేడకు కాలం తీర్చింది మొదటి ప్రపంచయుద్ధం. వెండి ధర ఔన్సు 43 పెన్నీలు దాటితే రూపాయి విలువకన్నా అందులోని వెండి విలువే ఎక్కువవుతుంది. 1917లో ఆ గీత దాటింది. ఇక జనం నాణేలు దాస్తారు, కంసాలులు కరిగిస్తారు. ఆ జూన్‌లో నాణేలు కరిగించడాన్ని ప్రభుత్వం నేరం చేసింది, నవంబరులో రూపాయి నోటు తెచ్చింది. వెండి బేడ మీద ఆఖరి సంవత్సరం 1917. మరుసటి ఏడు వచ్చిన బేడ రాగి, నికెల్ కలిపింది, మూలలు గుండ్రం చేసిన చదరపు బిళ్ళ. పాతదానికన్నా చాలా పెద్దది, కానీ వెండి ఊసు లేదు. చిత్రమేమిటంటే, దాని మీద తెలుగు అక్షరాలు ఉన్నాయి. లోహం విలువ పోయాక గాని మన లిపికి చోటు దొరకలేదు. 1919లో టాగూరు మదనపల్లె వచ్చి ‘జనగణమన’ను ఇంగ్లీషులోకి మార్చిన రోజుల్లో అప్పుడప్పుడే ఈ చదరపు బేడ చలామణిలోకి వస్తోంది.

అదే కాలంలో వెండి అమెరికానుంచి వచ్చింది. 1918లో పిట్‌మన్ చట్టం కింద అక్కడ 27 కోట్ల వెండి డాలర్లు కరిగించారు, అందులో దాదాపు 26 కోట్ల డాలర్ల వెండి బ్రిటన్ ద్వారా మన దేశానికే చేరింది. 1918, 1919, 1920 రూపాయల్లో ఆ వెండి కలిసే ఉంటుంది. బేడకు మాత్రం దక్కలేదు, అప్పటికే అది నికెల్ అయిపోయింది. అమెరికావాళ్ళ డైమ్ ఇంకో నలభై ఏడేళ్ళు వెండితోనే నడిచింది. 1964 దాకా రెండున్నర గ్రాముల బరువు, నూటికి తొంభై పాళ్ళు వెండి. 1965 తర్వాతి డైమ్ అంచు చూస్తే రాగి చార కనిపిస్తుంది.

నాణేనికి మార్కులు వేసే పద్ధతీ అక్కడిదే. విలియం షెల్డన్ 1949లో పాత అమెరికా సెంట్ల కోసం 1 నుంచి 70 దాకా కొలత పెట్టాడు. 1980ల్లో గ్రేడింగు కంపెనీలు వెలిసి నాణేన్ని పరీక్షించి, అంకె రాసి, ప్లాస్టిక్ డబ్బాలో మూసి ఇవ్వడం మొదలైంది. ఇప్పుడు మన బేడలూ అలా డబ్బాల్లోకి ఎక్కుతున్నాయి. రాణి బేడకైతే చెవి పక్క జుట్టు, భుజం మీది అల్లికపని చూడాలి. ముందు అరిగేవి అవే.

మన వైపు బేడలకు అరుగుదల ఒక్కటే జబ్బు కాదు. సుగాలి తండాల్లో ఆడవాళ్ళు వెండి నాణేలు గుచ్చి దండలు వేసుకునేవారు, బట్టల మీద కుట్టుకునేవారు. అందుకోసం బిళ్ళకు చిల్లు పొడిచేవారు, లేదా కొక్కెం పెట్టి టంకం వేసేవారు. కొక్కెం ఊడదీసినా అంచు మీద టంకం మచ్చ ఉండిపోతుంది, గ్రేడింగువాళ్ళు దానికి అంకె ఇవ్వరు. రెండోది విభూతి. పూజగదిలో వెండి కుందులు తోమినట్టే నాణేన్నీ తోముతారు. తళతళలాడుతుంది నిజమే, కానీ పైనంతా సన్నని గీతలు పడతాయి, టంకశాల మెరుపు మళ్ళీ రాదు. నల్లబడ్డ బేడను అలాగే ఉంచడం మేలు. ఆ నలుపు గాలిలోని గంధకం వెండి మీద కట్టిన పొర, దాని కింద గీతలు ఎలా ఉన్నవి అలాగే ఉంటాయి. దొంగ బేడ అనుమానం వస్తే తూకం వేసి, అంచు తిప్పి చూడాలి. అచ్చులో పోతపోసినదైతే అంచు పళ్ళకు అడ్డంగా అతుకు గీత కనిపిస్తుంది.

పునాది తవ్వుతుంటే నాణేల కుండ దొరికిందనుకోండి, వెంటనే సొంతం కాదు. పది రూపాయల విలువ దాటిన నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం ఇప్పటికీ ఉంది. ఇంట్లో తాతల నాటి బేడలు ఉంచుకోవడానికి అడ్డేమీ లేదు. అయితే 1972 పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన నాణెం పురావస్తువు. 1917తో ఆగిపోయింది కనుక ఈ పాటికి వెండి బేడ ప్రతిదీ ఆ లెక్కలోకి వచ్చేసింది. అమెరికానుంచి వచ్చే కొడుకు జేబులో వెండి డైమ్ తెచ్చుకోవచ్చు, అమ్మ ఇచ్చిన బేడను మాత్రం ప్రభుత్వ అనుమతి లేకుండా విమానం ఎక్కించకూడదు.