పిల్లికి వెర్షన్ నంబరు

మొన్న సంక్రాంతికి రాజమండ్రి వెళ్ళినప్పుడు మా పిన్ని కొడుకు ఫోన్‌లో ఒక పిల్లిపిల్ల ఫొటో చూపించాడు. తేనెరంగు ఒంటి మీద నల్లంచు మచ్చలు. చిరుతపులిని ఎవరో అరచేతి సైజుకి కుదించినట్టుంది. "బెంగాల్ క్యాట్ అన్నయ్యా. ఇది ఎఫ్-4. ఎఫ్-2 అయితే ఇంకా వైల్డ్‌గా ఉంటుందంట గానీ అంత డబ్బు మనం పెట్టలేం" అన్నాడు.

పన్నెండేళ్ళుగా కోడ్ రాసుకుని బతుకుతున్నవాణ్ణి, వెర్షన్ నంబర్లు నాకు కొత్త కాదు. మా దగ్గర నంబరు పెరిగేకొద్దీ సరుకు మెరుగైనట్టు లెక్క. పిల్లుల బజార్లో రివర్సు. నంబరు చిన్నదయ్యేకొద్దీ రేటు పెరుగుతుంది. ఎఫ్-1 అంటే తల్లిదండ్రుల్లో ఒకటి అచ్చంగా అడవి జంతువు. ఎఫ్-2కి ఆ అడవి జంతువు తాతల తరంలో, ఎఫ్-3కి ముత్తాతల తరంలో ఉంటుంది. ఆ రాత్రి నిద్రపట్టక ఈ నంబర్ల వెనక చరిత్ర చదువుతూ కూర్చున్నాను. చదువుతుంటే చిన్నప్పటి వెదురుబుట్ట ఒకటి గుర్తొచ్చి పోలేదు. దాని సంగతి తర్వాత చెప్తాను.

బెంగాల్ పిల్లికి బెంగాల్‌తో చుట్టరికం పేరు వరకే. 1792లో రాబర్ట్ కెర్ అనే స్కాట్లండ్ రచయిత చిరుతపిల్లికి శాస్త్రీయ నామం పెడుతూ 'బెంగాలెన్సిస్' అన్నాడు, అది అతుక్కుపోయింది. మన పాపికొండల్లో కెమెరా ట్రాపులకి దొరికిన చిరుతపిల్లి కూడా ఈ జాతే. 1963లో అమెరికాలో జీన్ మిల్ అనే ఆవిడ పెంచుకుంటున్న చిరుతపిల్లికీ ఒక నల్ల గండుపిల్లికీ జత కుదిరి ఒక పిల్ల పుట్టింది. భర్త చనిపోవడంతో ఆవిడ ఆ పని అక్కడితో ఆపేసింది. మళ్ళీ మొదలెట్టింది 1980లో. విల్లార్డ్ సెంటర్‌వాల్ అనే జన్యుశాస్త్రవేత్త, పిల్లులకొచ్చే లుకేమియా వైరస్ మీద పరిశోధనకని పుట్టించిన సంకరాల్లో కొన్నిటిని ఆవిడకిచ్చాడు. అంటే ఈ ముద్దుల పిల్లి వంశవృక్షం మొదట్లో ఒక లేబొరేటరీ ఉంది. అమ్మేవాళ్ళెవరూ ఆ ముక్క చెప్పరు. 1986లో ఆఫ్రికా సర్వల్‌ని సయామీ పిల్లితో కలిపి సవానా అనే ఇంకో జాతికి శ్రీకారం చుట్టారు. ఆ పిచ్చి ఇంకా పెద్దది, సర్వల్ పొడుగు కాళ్ళు చూస్తేనే తెలుస్తుంది.

ఇంతకీ ఈ తరాల్లో ఏది పెంచుకోడానికి పనికొస్తుంది? ఎఫ్-1ని ఇంట్లో పెట్టుకున్నవాళ్ళు చెప్పేవి ఇంచుమించు ఒకే కథ. మహా అయితే ఒక్క మనిషికి మాలిమి అవుతుంది. చుట్టాలొస్తే బీరువా మీదకెక్కి దిగదు. సోఫా, పరుపు, ఇస్త్రీ బట్టలు, అన్నిటి మీదా ఉచ్చపోసి హద్దులు గీసుకుంటుంది. మనకది కంపు, దానికది పట్టాదారు పాస్‌పుస్తకం. ఎఫ్-2లో ఇవి కాస్త తగ్గుతాయి. ఎఫ్-3 బొమ్మా బొరుసూ, ఒకే ఈతలో ఒకటి ఒళ్ళో పడుకుంటే ఇంకోటి మంచం కింద నుంచి రాదు. ఎఫ్-4 దగ్గరికొచ్చేసరికి అది ఇంటిపిల్లి కిందే లెక్క, కాకపోతే క్షణం కుదురుండదు, నీళ్ళ కుళాయితో ఆడుతుంది. వన్యప్రాణుల వ్యాపారాన్ని అదుపు చేసే సైటీస్ ఒప్పందం కూడా గీత అక్కడే గీసింది. వెనకటి నాలుగు తరాల్లో అడవి రక్తం ఉంటే దాన్ని అడవి జంతువుగానే చూస్తుంది. ఆస్ట్రేలియా వాళ్ళకి ఆ గీత కూడా చాల్లేదు, 2008లో సవానా పిల్లుల దిగుమతినే ఆపేశారు. మా తమ్ముడికి కావలసిందేమో ఎఫ్-1 పొగరు, ఎఫ్-4 మర్యాద. అది దొరకదు.

ఈ నంబర్లలో ఇంకో తిరకాసు ఉంది. మొదటి రెండుమూడు తరాల మగపిల్లులకి పిల్లలు పుట్టరు. సంకరంలో రెండు లింగాల్లో ఒకదానికే దెబ్బ తగిలితే అది రెండు రకాల సెక్స్ క్రోమోజోములున్న లింగానికే తగులుతుందని, అంటే పిల్లుల్లో మగదానికని, 1922లో జె.బి.ఎస్. హాల్డేన్ చెప్పాడు. ఆయన 1957లో ఇంగ్లండు వదిలేసి కలకత్తా వచ్చేశాడు. అక్కడ ఆయన దగ్గర చేరిన కుర్రాళ్ళలో ఒకాయన మన పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు. తర్వాత హాల్డేన్ జీవితం మీద పుస్తకాలు రాసిందీ ఆయనే. పిఠాపురం అనగానే మనం భావకవుల దగ్గర ఆగిపోతాం గానీ, ఈయన మీద కూడా ఎవరైనా ఒక మంచి వ్యాసం రాయాలి. సరే, పిల్లుల దగ్గరికొస్తే, మగవి పనికిరావు కాబట్టి ప్రతి తరంలోనూ సంకరం ఆడపిల్లిని ఇంటి గండుపిల్లికే ఇవ్వాలి. మెండెల్ లెక్కలో దీన్ని ఎఫ్-2 అనకూడదు, వెనక్కి కలపడం అనాలి. ఎఫ్-2 అనే పేరే తప్పు. కానీ తప్పు పేరుకి మార్కెట్లో గిరాకీ ఉంది.

2024లో బెంగాల్ పిల్లుల జన్యువుల్ని పెద్ద ఎత్తున పరీక్షించిన ఒక అధ్యయనం వచ్చింది. ఇప్పటి బెంగాల్ పిల్లిలో చిరుతపిల్లి వాటా సగటున మూడున్నర శాతం. మనుషులు మోజుపడే ఆ రూపం చాలావరకు ఇంటిపిల్లి జన్యువుల నుంచే ఏరుకున్నదట. ఎండలో మెరిసే ఆ బొచ్చు కూడా ఇంటిపిల్లి వైపు నుంచి వచ్చిందే. ఆ మెరుపు ఎక్కణ్ణించి వచ్చిందని పెంపకందారుల్ని అడిగితే 1982 నాటి ఒక పిల్లి పేరు చెప్తారు. జీన్ మిల్ ఢిల్లీ జూలో ఖడ్గమృగం ఆవరణలో తిరుగుతున్న వీధిపిల్లిని చూసి ముచ్చటపడి అమెరికా తీసుకుపోయింది. మనం గుమ్మంలోంచి తరిమే పిల్లే ఫారిన్ వెళ్ళి, వైల్డ్ అనే పేరుతో ఇంత రేటుకి తిరిగొచ్చింది. ఎన్నారై సంబంధాల సంగతి గుర్తొచ్చి నవ్వాగలేదు.

పందెంకోడి జాతకం మూడు తరాల వెనక నుంచి ఏకరువు పెట్టే మన గోదావరి జిల్లాల్లో పిల్లి వంశం ఎవరూ అడగలేదు. అడగక్కర్లేదు కూడా. పిల్లిని మనిషి ఎంచి పెంచింది తక్కువ. ధాన్యం దాచుకుంటే ఎలకలొచ్చాయి, ఎలకల కోసం పశ్చిమాసియా అడవిపిల్లి తనే వచ్చి ఉండిపోయింది. సైప్రస్‌లో 9,500 ఏళ్ళ నాటి సమాధిలో మనిషి పక్కన పిల్లి దొరికింది. చైనాలో 5,300 ఏళ్ళ కిందటి ఒక రైతుల ఊళ్ళో దొరికిన ఎముకలు మాత్రం చిరుతపిల్లివి. అంటే అది కూడా ఒకప్పుడు గాదెల దాకా వచ్చింది. కానీ నిలవలేదు. ఇప్పుడు ఆ దేశంలో ఇళ్ళల్లో ఉన్నది పశ్చిమం నుంచి వచ్చిన పిల్లి సంతానమే. అన్ని వేల ఏళ్ళలో తను వద్దనుకున్న పనిని నాలుగు తరాల్లో చేయిద్దామని మనం.

ఇప్పుడు బుట్ట సంగతి. నేను ఆరో తరగతిలో ఉండగా తాతయ్యగారి చెరుకుతోట నరుకుతుంటే రెండు పిల్లలు దొరికాయి. ఒంటి నిండా చారలు. పులిపిల్లలని ఊరంతా వచ్చి చూశారు. మా వైపు ఇలాంటి దేన్నైనా బావురుపిల్లి అనేస్తారు గానీ, అవి అడవిపిల్లి పిల్లలని, పెద్దయ్యేకొద్దీ ఆ చారలు మాసిపోతాయని నాకిప్పుడు తెలుసు. "ఎక్కడ తీశారో అక్కడే పెట్టి రండ్రా, తల్లి వెతుక్కుంటుంది" అని అమ్మమ్మ అంటూనే ఉంది. నేను ఏడ్చి గోల చేస్తే తాతయ్య బుట్టలో వేసి ఇంటికి తెచ్చారు. ఆవుపాలు పట్టాను. ఒకటి మూడోరోజు చచ్చిపోయింది. రెండోది బతికింది గానీ నన్నెప్పుడూ తాకనివ్వలేదు. వర్షాలు మొదలయ్యాక ఒక రాత్రి ఎటో పోయింది. వాటిని తెచ్చిన రాత్రి తోట వైపు నుంచి ఏదో అరుస్తూనే ఉంది. నక్క అని నాకు సర్దిచెప్పారు.

సంక్రాంతి అయిన నెలకి, ఫిబ్రవరిలో, మావయ్య ఫ్యామిలీ గ్రూపులో ఫొటో పెట్టాడు. చెరుకు నరుకుతుంటే మూడు పిల్లలు దొరికాయట, అవే చారలు. తమ్ముడు వెంటనే నాకు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, నీ లెక్కలో ఇవి ఎఫ్-0 కదా? పైగా ఫ్రీ. తెచ్చేసుకోనా?" 1972 నాటి చట్టం ప్రకారం నేరమని చెప్పాను, అంతగా పట్టించుకోలేదు. అప్పుడు బుట్ట సంగతి చెప్పాను, ఆ రాత్రి అరుపుతో సహా. వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు.

మహారాష్ట్ర చెరుకు తోటల్లో చిరుత కూనలు దొరికితే అటవీశాఖ వాళ్ళు దొరికినచోటే పెట్టెలో ఉంచి తల్లి కోసం ఎదురుచూస్తారు. మావయ్యకి అదే చెప్పి, ఫారెస్టు వాళ్ళకి కూడా ఫోన్ చేయమన్నాను. ఆ మూల నాలుగు సాళ్ళు నరక్కుండా ఆపించి, చీకటిపడే వేళకి పిల్లల్ని బుట్టలో పెట్టి అందరూ దూరంగా వచ్చేశారు. తమ్ముడు రాజమండ్రి నుంచి బండి మీద వెళ్ళి మావయ్యతో పాటు పాకలో పడుకున్నాడు. తెల్లారి వెళ్ళి చూస్తే బుట్టలో ఒక్క పిల్లే మిగిలిందట. రెండింటిని తల్లే తీసుకెళ్ళిందా, కుక్కలా అన్నది వాళ్ళిద్దరూ తేల్చుకోలేకపోయారు. "ఇంకో రాత్రి ఉంటా అన్నయ్యా, ఆఫీసుకి లీవు పెట్టేశాను" అన్నాడు.

రెండో పొద్దున్న ఖాళీ బుట్ట ఫొటో పంపాడు. బురదలో అడుగుజాడలేమైనా ఉన్నాయా అని అడిగాను. "ఉన్నాయి. గోళ్ళు కనపడట్లేదు" అని మెసేజ్ పెట్టాడు. కుక్క అడుగైతే గోళ్ళ గుర్తులు పడతాయి.