పైపుల పనిలోంచి పుట్టిన సాఫ్ట్‌వేర్

ఒకప్పుడు వ్యాపార సాఫ్ట్‌వేర్ అంటే పెద్ద కంపెనీలు లక్షలు పోసి కొనే సరుకు. 1999లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైన సేల్స్‌ఫోర్స్ దాన్ని ఇంటర్నెట్‌లో నెలవారీ చందాకు ఇచ్చింది. దాంతో చిన్న వృత్తులకూ దారి దొరికింది.

అమెరికాకు వలసొచ్చిన ఆర్మీనియన్ కుటుంబాల కుర్రాళ్ళు ఆరా మహదేసియన్, వాహే కుజోయన్. ఇద్దరి తండ్రులూ కాంట్రాక్టర్లే. పనివాణ్ణి పంపడం మొదలు బిల్లు రాయడం దాకా నాన్నలు పడే అవస్థ చూసి, ఆ పనికే సాఫ్ట్‌వేర్ రాశారు. అదే సర్వీస్‌టైటాన్. ప్లంబింగ్, ఏసీ, కరెంటు పనుల కాంట్రాక్టర్లే దాని ఖాతాదారులు. 2024 డిసెంబర్‌లో అది నాస్‌డాక్ స్టాక్ మార్కెట్‌కెక్కింది.

కోడ్ రాసేవాళ్ళు దొరుకుతారు. పని ఎక్కడ ఆగిపోతుందో తెలిసినవాళ్ళే అరుదు. అది మనకు తెలుసు. ఈ శుక్రవారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు మనం చేసే పని గురించి దాచకుండా పిల్లలకు చెబుదాం.