కొత్త తివాచీ వాసన: ఒక చరిత్ర

ఆమదాలవలస వంటి పట్టణాలలోనూ నేడు ముందుగదికి తివాచీ పరచుకోవడం ముచ్చటగా మారింది. పరచిన నాడు వచ్చే ఘాటు వాసనను కొత్తదనానికి గుర్తుగా భావిస్తున్నాము. పాఠకులారా! ఆ వాసన ఎక్కడిదో తెలుసుకోవడం మన ఊపిరికి సంబంధించిన విషయం.

తివాచీ తెలుగునేలకు కొత్తది కాదు. పారశీక నేతగాళ్లు ఏలూరులో స్థిరపడి ఈ విద్యను నిలిపారని చెబుతారు. 1851లో లండన్‌లో జరిగిన మహాప్రదర్శనలో ఏలూరు తివాచీలు ప్రదర్శితమయ్యాయి. అవి ఉన్నిపోగులను చేతితో ముడివేసి నేసినవి. ఉన్ని నూగు నేతగాని ఊపిరితిత్తులకు చేటే. అయితే ముడులే పోగులను పట్టి ఉంచేవి గనుక జిగురుతో పని లేదు. ఇక మన ప్రాంతపు సామాన్యుల ఇళ్లలో పేడతో అలికిన నేల, దానిపై చాప మాత్రమే ఉండేవి.

రెండవ ప్రపంచయుద్ధం తరువాత పరిస్థితి మారింది. యంత్రం నైలాను పోగులను అడుగుగుడ్డలో గుచ్చుతుంది. అవి ఊడిపోకుండా వెనుక కృత్రిమ రబ్బరు పాలు పూస్తారు. ఆ రబ్బరు తయారీలో మిగిలే 4-ఫినైల్ సైక్లోహెక్సీన్ అనే పదార్థమే కొత్త తివాచీ వాసనకు ముఖ్యకారణం. అతి స్వల్పంగా ఉన్నా ముక్కు దానిని పసిగడుతుంది.

1987–88లో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ప్రధాన కార్యాలయంలోనే కొత్త తివాచీలు పరచిన తరువాత ఎందరో ఉద్యోగులు కళ్లమంట, తలనొప్పి, ఆయాసంతో బాధపడ్డారు. గాలిని కాపాడవలసిన సంస్థ గాలే చెడిందన్నమాట! ఏ పదార్థం ఎంత కారణమన్నది వివాదంగానే మిగిలినా, 1992లో అక్కడి తివాచీ పరిశ్రమ వాయువుల పరీక్షకు ముద్రాపత్ర విధానాన్ని ఆరంభించింది. ఫార్మాల్డిహైడ్ మాట వేరు. అది ఇళ్లలో ప్రధానంగా ప్లైవుడ్, పార్టికల్ బోర్డుల నుంచి వెలువడుతుంది. 2004లో అది మానవులకు క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ నిర్ధారించింది. 2010లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇంటిగాలిలో దానికి ఘనమీటరుకు 0.1 మిల్లీగ్రాము పరిమితిని సూచించింది.

వేడి, తేమ పెరిగితే ఫార్మాల్డిహైడ్ మరింతగా వెలువడుతుంది. మన తీరప్రాంతంలో రెండూ ఎక్కువే. ఏసీ కోసం తలుపులు బిగిస్తే గాలి కదలదు. వానాకాలపు తేమకు తివాచీలో బూజు, దుమ్ముపురుగులు కూడా చేరుతాయి.

కనుక తివాచీని ముందుగా ఆరుబయట విప్పి ఆరనివ్వండి. పరచిన తరువాత రెండు మూడు రోజులు కిటికీలు తెరచి, ఫ్యాను వేసి ఉంచండి. ఆ గదిలో పసిపిల్లలను, గర్భిణులను, ఉబ్బసం ఉన్నవారిని పడుకోబెట్టకండి. పిల్లికూతలు పలికే బిడ్డ ఉన్న ఇంటికి తివాచీ కంటే ఉతికి ఎండబెట్టగల చాప మేలు. పరిమళం చల్లితే వాసన మరుగుపడుతుంది గాని, గాలి శుభ్రపడదు.