ఘాట్ రోడ్డు హిసాబ్

గొలుగొండ అని చెప్పగానే హైదరాబాద్ దోస్తులు "కిలా ఉంది, అదే కదా భాయ్" అంటారు. కిలా ఉన్నది గోల్కొండ. నేను చెప్పేది గొలుగొండ, అనకాపల్లి జిల్లాలో నర్సీపట్నం పక్కనున్న మండలం. మైదానం అయిపోయి మన్యం కొండలు మొదలయ్యే చోటు. ఒకప్పుడు ఈ కొండలన్నిటికీ కలిపి గొలుగొండ ఏజెన్సీ అనే పేరుండేది.

పోయిన చలికాలం అక్కడ ఒక చాయ్ దుకాణం దగ్గర కృష్ణదేవిపేట బస్సు కోసం కూర్చున్నాను. ముందురోజు రాత్రే లంబసింగికి టూరిస్టుల్ని దింపి వచ్చిన డ్రైవరొకాయన పక్కన ఉన్నాడు. మాట రోడ్ల మీదికి మళ్ళింది.

"ఏటి సాయిబు గారూ, ఈ కొండోళ్ళకి రోడ్డెయ్యకపోతే ఒక గోల, ఎయ్యబోతే ఇంకో గోల. ఈళ్ళు మారరండి" అన్నాడు.

బెంచీ చివర దుప్పటి కప్పుకొని కూర్చున్న ఒక పెద్దాయన మెల్లగా అందుకున్నాడు. "రోడ్డొద్దని ఎవులన్నారు బాబూ? పనికెళ్ళినోళ్ళకి కూలి డబ్బులు రానేదన్నాం. అది అడిగితే రోడ్డొద్దన్నట్టేనా?"

డ్రైవర్ జవాబు చెప్పలేదు. బస్సొచ్చింది. నేనూ, ఆ పెద్దాయనా ఎక్కాం. దారంతా నాకు ఆయన సవాలే దిమాగ్‌లో తిరిగింది. ఎందుకంటే సరిగ్గా ఇదే సవాలు, ఇదే ఇలాకాలో, వందేళ్ళ కింద ఒక పెద్ద జంగ్‌గా మారింది.

ముందు ఒక లఫ్జ్ సంగతి. ఈ కొండల్లో లేచిన తిరుగుబాట్లను తారీఖ్ కితాబుల్లో 'ఫితూరీ' అంటారు. మన మాటే. అరబీలో ఫుతూర్ అంటే నీరసం, సడలిపోవడం. ఉర్దూలోకి వచ్చేసరికి అది ఫసాద్, గోల, బుర్రలో పుట్టిన తిక్క అయింది. ఎవడైనా అర్థం లేని పని చేస్తే "దిమాగ్‌లో ఫితూర్ పుట్టింది" అంటాం కదా, అదే. ఈ తీరప్రాంతం ఒకప్పుడు చికాకోల్ సర్కార్, అంటే శ్రీకాకుళం సర్కార్. 1765లో మొగల్ బాద్షా షా ఆలం ఇచ్చిన ఫర్మానుతో, 1766లో నిజాంతో కుదిరిన ఒప్పందంతో ఉత్తర సర్కారులు ఇంగ్లీషు కంపెనీకి దక్కాయి. కంపెనీ గద్దె మార్చింది గానీ దఫ్తర్ భాష మార్చలేదు. తహసీల్, తాలూకా, బందోబస్తు, అబ్కారీ, ఫితూరీ అన్నీ అలాగే ఉండిపోయాయి.

ఈ ఫితూరీ అనే మాటలో ఒక చాలాకీ ఉంది. మనిషి ఏం అడిగాడో అందులో కనిపించదు. వాడి బుర్ర చెడిందని మాత్రం తెలుస్తుంది. డ్రైవర్ అన్న "ఈళ్ళు మారరండి" కూడా అలాంటి మాటే.

ఇక అసలు హకీకత్‌కి వద్దాం. గొలుగొండ జమీందారీని 1837లో బకాయిల కింద వేలానికి పెట్టి సర్కారే కొనుక్కుంది. కొండల్లో గ్రామాల గుంపును ముఠా అనేవారు, దాని పెద్ద ముఠాదారు. తమ పాత జమీందారు ఖాందాన్ పోవడం ముఠాదార్లకు నచ్చలేదు. 1845 నుంచి 1848 దాకా ఒక ఫితూరీ, 1857-58లో ఇంకోటి. పక్కనున్న రంపలో 1879లో లేచినదానికి కల్లు మీద వేసిన అబ్కారీ పన్నుతో గట్టి సంబంధముంది. 1886లో గూడెంలో మళ్ళీ లేచింది. ఈలోగా 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అడవి కొట్టి, కాల్చి, విత్తనం చల్లే పోడు సేద్యం తాతల నాటి నుంచి వాళ్ళ రోజీ. అది రాత్రికి రాత్రి జుర్మ్ అయిపోయింది. ఈ ఒక్కొక్క తారీఖు వెనక ఒక్కొక్క ఫిర్యాదు ఉంది. తిక్క ఎక్కడా కనిపించదు.

1920ల మొదట్లో సర్కారు నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి సడక్ వేయించడం మొదలుపెట్టింది. నిటారు కొండలు, దట్టమైన అడవి, మలేరియా. ఆ కొండను తవ్వి, రాయి కొట్టి, మట్టి మోయడానికి మనుషులు కావాలి. కొండ మీదివాళ్ళనే పట్టుకొచ్చారు. గూడెం డిప్యూటీ తహసీల్దార్ బాస్టియన్ వాళ్ళతో జబర్దస్తీగా పని చేయించాడు. ఇవ్వాల్సిన కూలి ఇవ్వలేదు. ఎదురు మాట్లాడినవాళ్ళకు దెబ్బలు. పోడు చేసుకోనివ్వక ఒక చేత్తో రోజీ లాక్కుని, ఇంకో చేత్తో ముఫ్త్‌గా మజ్దూరీ చేయించుకున్నారన్నమాట. అదీ ఎవరి కోసం? ఆ సడక్ మీద మొదట పైకొచ్చేది పోలీసు, కాంట్రాక్టరు, అప్పులిచ్చే వ్యాపారి. కొండవాడికి బండి ఎక్కడిది?

అల్లూరి సీతారామరాజు కొండమనిషి కాదు. 1897లో పాండ్రంగిలో పుట్టి, 1917లో కృష్ణదేవిపేట చేరాడు. ఈ కృష్ణదేవిపేట గొలుగొండ మండలంలోనే ఉంది. వైద్యం చేస్తూ, తాగుడు మానమని చెబుతూ జనంలో కలిశాడు. బాస్టియన్‌తో తగాదా ఉన్న గాం గంటందొర, గాం మల్లుదొర అనే అన్నదమ్ములు ఆయనతో నడిచారు.

ఇక్కడ మనవాళ్ళలో చాలామందికి తెలియని ఒక నామ్ చెప్పాలి. పోలవరం డిప్యూటీ కలెక్టర్ ఫజ్లుల్లా ఖాన్. పోలీసులు రాజు మీద షక్ పెంచుకుంటున్న రోజుల్లో ఈయన రాజును నమ్మి, పైడిపుట్టలో భూమి ఇప్పించి, సేద్యం చేసుకుని బతికేలా చూశాడు. మన పేరు కనిపించింది కాబట్టి ఛాతీ విరుచుకుందామని ఇది చెప్పడం లేదు. ఫజ్లుల్లా ఖాన్ తిన్నదీ సర్కారీ నమక్కే, బాస్టియన్ తిన్నదీ సర్కారీ నమక్కే. కుర్చీలో కూర్చున్నవాడు ఎదుటివాణ్ణి ఇన్సాన్‌గా చూశాడా లేదా అన్నదే ఫరక్.

1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు. దొరికిన తుపాకులు 26. వాటిని ఎత్తుకెళ్ళేటప్పుడు రాజు చేసిన పని చూడండి. ఎన్ని తుపాకులు, ఎన్ని తూటాలు తీసుకున్నాడో స్టేషన్ డైరీలో రాసి సంతకం పెట్టాడు. దీన్ని అందరూ బహాదురీగా చెబుతారు. నాకు అందులో హిసాబ్ కనిపిస్తుంది. సర్కారు మనిషి వందల మంది కూలీ లెక్క ఎగ్గొట్టాడు. సర్కారు బాగీ అన్న మనిషి తీసుకున్న ప్రతి తుపాకీకీ రసీదు ఇచ్చాడు. ఇద్దరిలో ఖానూన్ ఎవరి దగ్గరుంది?

సెప్టెంబర్ 24న దామనపల్లి దగ్గర స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఇంగ్లీషు అఫ్సర్లు దెబ్బతిని చనిపోయారు. ఆ తర్వాత సర్కారు మలబార్ స్పెషల్ పోలీసును దించింది. ఈ దళం మనకు అజ్నబీ కాదు. 1921లో కేరళలో మాప్పిళా ముస్లిం రైతుల తిరుగుబాటును అణచడానికి పెట్టిన ఫౌజే ఇది. అక్కడ కౌలు రైతు, ఇక్కడ రోడ్డు కూలీ. అక్కడ కల్మా చదివేవాడు, ఇక్కడ కొండదేవతను కొలిచేవాడు. సర్కారుకు మాత్రం ఇద్దరూ ఒకటే, ఒకే తుపాకీ చాలింది. 1924లో అస్సాం రైఫిల్స్ కూడా వచ్చారు. ఆ ఏడాది మే 7న కొయ్యూరులో రాజును పట్టుకుని కాల్చి చంపారు. ముకద్దమా లేదు, అదాలత్ లేదు. సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. గాం మల్లుదొర జైలుకెళ్ళి బయటికొచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి మొదటి లోక్‌సభకు గెలిచాడు. బుర్ర చెడినవాడని సర్కారు రాసుకున్న మనిషి ఢిల్లీలో కూర్చుని ఖానూన్లు చేశాడు.

ఈ రోజు నర్సీపట్నం నుంచి లంబసింగి వెళ్ళే సడక్ మీద డిసెంబర్, జనవరిలో కార్లు బారులు తీరతాయి. ఆంధ్రా కశ్మీర్ అంటారు. తెల్లవారుజామున మంచులో నిలబడి ఫోటోలు తీసుకుంటాం. నేనూ తీసుకున్నాను, అందులో గునాహ్ ఏమీ లేదు. కానీ ఈ రాస్తా మీద మొదట పడ్డది ఎవరి చెమటో, వాళ్ళకు ఉజ్రత్ దక్కిందో లేదో ఒక్కసారి తలుచుకోవడం మన మీద ఉన్న కర్జ్.

నేను సడక్‌కి ముఖాలిఫ్‌ని కాను. ఏజెన్సీలో రోడ్డు లేని గూడేలు ఇంకా ఉన్నాయి. నొప్పులొచ్చిన ఆడమనిషిని కర్రకు దుప్పటి కట్టి, ఇద్దరు భుజాన వేసుకుని కొండ దిగుతారు. దాన్ని డోలీ అంటారు. మన ఇళ్ళల్లో డోలీ అంటే దుల్హన్ ఎక్కేది, పాటలు పాడుతూ సాగనంపేది. అదే లఫ్జ్ అక్కడ ఆసుపత్రికి ఇంకెన్ని మైళ్ళో లెక్కపెట్టే సవారీ అయింది. ఆ తల్లికి రోడ్డు కావాలి, అంబులెన్స్ కావాలి, ఫోన్ చేస్తే పలికే సిగ్నల్ కావాలి. "పాత జమానాయే బాగుండేది, కొండవాళ్ళను అలాగే వదిలేయాలి" అని పట్నంలో ఏసీ కింద కూర్చుని అనేవాళ్ళు ఒక్కసారి ఆ డోలీ మోసి చూడాలి.

అయితే "తరక్కీ వస్తోంది కదా, కూలీ గీలీ తర్వాత చూద్దాం" అనేవాళ్ళతో కూడా నాకు పేచీయే. దారిలో అడ్డున్నది తొలగించడం కూడా ఈమాన్‌లో భాగమని జుమా బయాన్‌లో వింటాం. మజ్దూర్‌కి ఇవ్వాల్సింది ఆలస్యం చేయొద్దనీ అదే మింబర్ మీంచి వింటాం. దారి వేయడం సవాబ్ అయితే, ఉజ్రత్ ఇవ్వడం హక్. సవాబ్ చూపించి హక్ ఎగ్గొట్టడానికి ఏ దీన్‌లోనూ ఇజాజత్ లేదు. బాస్టియన్ వేయించిన రోడ్డు పనికొచ్చే రోడ్డే. అంతమాత్రాన అతని హిసాబ్ మాఫ్ కాదు.

కొత్త మిషన్ ఏదొచ్చినా మన మహఫిల్‌లో చర్చ ఒకే చోట ఆగిపోతుంది. మంచిదా, చెడ్డదా? రోడ్డయినా, సెల్ టవరైనా, వేలిముద్ర మిషనైనా. దానికంటే ముందు అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఎవరి భూమిలోంచి పోతోంది? ఎవరు మోశారు? వాళ్ళకు ముట్టిందా? ఇవి అడిగినవాణ్ణి తరక్కీకి దుష్మన్ అనేస్తే చర్చ తేలిగ్గా ముగుస్తుంది. నూరేళ్ళ కింద దఫ్తర్‌లో ఫితూరీ అని రాసి ముగించినట్టే.

కృష్ణదేవిపేటలో దిగేటప్పుడు ఆ పెద్దాయనను అడిగాను. "ఇంతకీ ఆ కూలి డబ్బులు వచ్చాయా తాతా?"

"కొందరికి పడ్డాయి బాబూ. నాకు నేదు. రాయి మోసి మోసి ఏళ్ళు అరిగిపోనాయి. మిషన్ల ఏలిముద్ర పడ్డంనేదు. మళ్ళీ రమ్మన్నారు."

ఆయన చేతులు చాచి చూపించాడు. వేళ్ళ కొసలు నున్నగా, నాణెం అరిగినట్టు ఉన్నాయి. సమాధి దగ్గర నేను చాలాసేపు నిలబడ్డాను. దువా కోసం చేతులెత్తినప్పుడు, నా వేళ్ళ మీద గీతలన్నీ చెక్కుచెదరకుండా ఉండటం చూసి కొంచెం షరమ్ అనిపించింది.