అరవై అయిదు దగ్గర అదురు: ఒక ఫిర్యాదుకు ప్రతిపద వ్యాఖ్య

బ్రిటన్‌లో పాత మాజ్డా ఎంఎక్స్-5 నడిపేవాళ్లు గ్యారేజీలో చెప్పుకునే మాట చాలాసార్లు ఇలా ఉంటుంది:

"అరవైలో మొదలవుతుంది, అరవై అయిదుకి స్టీరింగ్ అదిరిపోతుంది, డెబ్బైకి సర్దుకుంటుంది. టైర్లు బాగానే ఉన్నాయి. బ్యాలెన్సింగ్ చేయించాను. ఎంఓటీ కూడా పాసయింది."

జబ్బు ఎక్కడుందో ఈ మాటల్లోనే చాలావరకు తెలుస్తుంది. వాటిని సరిగా వినకుండా బుష్‌లు, బేరింగులు, షాఫ్టు ఒక్కొక్కటే మార్చుకుంటూ పోతే డబ్బు ఖర్చవుతుంది, అదురు మాత్రం పోదు. అందుకని మాట మాటా విడదీసి చూద్దాం.

"అరవై అయిదు." ఇవి మైళ్లు. గంటకు దాదాపు 105 కిలోమీటర్లు. అక్కడి మోటర్‌వే మీద కార్లకు పరిమితి 70 మైళ్లు కాబట్టి, రోజూ ఎక్కువసేపు నడిచే వేగంలోనే ఈ బాధ వస్తోందన్నమాట. మొదటి తరం 1.6 లీటర్ల బండికి 185/60 ఆర్14 టైర్లు వచ్చేవి. వాటి చుట్టుకొలత 1.8 మీటర్ల పైచిలుకు. ఆ లెక్కన 65 మైళ్ల వేగంలో చక్రం సెకనుకు 16 సార్లు తిరుగుతుంది. డిఫరెన్షియల్ నిష్పత్తి 4.3 కనుక గేర్‌బాక్సు నుంచి వెనక్కి వెళ్లే షాఫ్టు 69 సార్లు తిరుగుతుంది. అయిదో గేరులో ఇంజను 56 సార్లు, అంటే నిమిషానికి సుమారు 3,400 చుట్లు. ఈ మూడు అంకెలూ దగ్గర పెట్టుకుంటే సగం పని అయినట్టే.

"అదిరిపోతుంది." సెకనుకు 16 సార్లు వచ్చే కదలికను చెయ్యి విడివిడి కుదుపులుగా గుర్తుపట్టగలదు. స్టీరింగ్ అంచు అటూ ఇటూ ఆడటం కంటికే కనిపిస్తుంది. షాఫ్టులా సెకనుకు డెబ్బై సార్ల దాకా వెళ్లిన అదురు అలా ఉండదు. అది నేల నుంచి, గేరు రాడ్డు నుంచి జుమ్మని మోతలా వస్తుంది. మన బండి యజమాని అదురు అన్నాడు, మోత అనలేదు. కాబట్టి అనుమానం షాఫ్టు మీద కాదు, చక్రాల మీద. మోతే అయితే ఈ కారులో ఒక ప్రత్యేకమైన చోటు చూడాలి. గేర్‌బాక్సునూ డిఫరెన్షియల్‌నూ కలుపుతూ పొడవాటి అల్యూమినియం ఫ్రేము ఒకటి ఉంటుంది. గేర్‌బాక్సు దించి ఎక్కించినప్పుడు ఆ ఫ్రేమును సరైన ఎత్తులో బిగించకపోతే షాఫ్టు కోణం మారి మోత పుడుతుంది.

"డెబ్బైకి సర్దుకుంటుంది." వేగం పెరిగితే అదురు పెరగాలి కదా, తగ్గడమేమిటని చాలామంది తికమకపడతారు. చక్రానికీ సస్పెన్షన్‌కూ స్టీరింగ్‌కూ కలిపి సహజంగా ఊగే ఒక లయ ఉంటుంది. చక్రం తిరుగుడు ఆ లయతో కలిసిన వేగంలో చిన్న లోపం కూడా పెద్దదై కనిపిస్తుంది, దాటాక తగ్గుతుంది. బట్టలు ఒక పక్కకు చేరిన వాషింగ్ మెషీన్ స్పిన్ మొదట్లో దడదడలాడి, ఆ తర్వాత నెమ్మదించేది ఇందుకే. తగ్గింది కదా అని లోపం పోయినట్టు కాదు. రిమ్ము అంచున 20 గ్రాముల తేడా ఉందనుకోండి. 65 మైళ్ల వేగంలో అది మూడున్నర కిలోల పైబడిన బలంతో చక్రాన్ని సెకనుకు 16 సార్లు గుంజుతుంది. వేగం రెట్టింపైతే ఆ బలం నాలుగు రెట్లవుతుంది. దాదాపు టన్ను బరువుండే ఈ చిన్న బండిలో అది నేరుగా చేతికి తగులుతుంది.

"స్టీరింగ్." అదురు చేతుల్లో తెలిస్తే ముందు చక్రాలు, సీటులో నడుముకి తెలిస్తే వెనక చక్రాలు. ఇది నూటికి నూరుపాళ్లూ నిజం కాకపోయినా మొదటి మెట్టుగా పనికొస్తుంది. నిర్ధారణకు పైసా ఖర్చులేని పరీక్ష ఒకటుంది. ఒకే పక్క ముందు చక్రాన్ని వెనక్కీ, వెనకదాన్ని ముందుకీ మార్చి మళ్లీ అదే రోడ్డు మీద నడపాలి. అదురు చేతుల నుంచి సీటుకి మారితే దోషం చక్రంలోనే ఉంది. ఎంఎక్స్-5కి నాలుగు చక్రాలూ ఒకే కొలత కనుక ఇది సాధ్యం. పోర్షె 911 లాంటి వెనక వెడల్పు టైర్ల కార్లకు ఈ వీలు లేదు.

ఇక్కడ అధ్యాహారం అవసరం. యజమాని చెప్పని మాటలు రెండున్నాయి, మనమే అడిగి తెచ్చుకోవాలి. బ్రేకు వేస్తే పెరుగుతుందా? పెరిగితే డిస్కులు చూడాలి. డిస్కు మందంలో మిల్లీమీటరులో కొన్ని వందోవంతుల తేడా చాలు, పెడల్ కొట్టుకోవడానికి. రోడ్డు ఖాళీగా ఉన్నచోట రెండు క్షణాలు క్లచ్ తొక్కితే ఏమవుతోంది? ఇంజను చుట్లు పడిపోయినా అదురు అలాగే ఉంటే ఇంజను నిర్దోషి.

"టైర్లు బాగానే ఉన్నాయి." చట్టం అడిగేది 1.6 మిల్లీమీటర్ల గాడి లోతు. చాలా స్పోర్ట్స్ కార్లు చలికాలంలో ఎక్కువగా గ్యారేజీలోనే ఉంటాయి కనుక గాళ్లు అంతగా అరగవు, రబ్బరు మాత్రం ముదురుతుంది. టైరు పక్కన డాట్ గుర్తు వెంట ఉండే చివరి నాలుగు అంకెలు చదవండి. 2314 అంటే 2014లో 23వ వారం. ఒకే చోట నెలల తరబడి నిలబెట్టిన టైరు నేలకు ఆనిన చోట చదునవుతుంది. కొన్ని మైళ్లు నడిచి వేడెక్కాక అదురు పోతే కారణం అదే.

"బ్యాలెన్సింగ్ చేయించాను." ఫిర్యాదు మొత్తంలో అతి తక్కువ నమ్మదగిన మాట ఇదే. చేయించాడు, నిజమే. కానీ మెషీన్ మీద చక్రం సమంగా తిరగడం వేరు, కారు హబ్బు మీద సమంగా తిరగడం వేరు. బ్రిటన్ రోడ్ల మీద చలికాలం ఉప్పు చల్లుతారు. హబ్బు ముఖం తుప్పు పట్టి, ఆ పెచ్చుల మీదే చక్రం బిగిస్తే అది కాస్త వంకరగా కూర్చుంటుంది. వైర్ బ్రష్షుతో అయిదు నిమిషాల పని, చేసేవాళ్లే తక్కువ. బయట కొన్న అలాయ్ వీల్స్ అయితే మరో చిక్కు. పాత ఎంఎక్స్-5 హబ్బు కొలత 54.1 మిల్లీమీటర్లు. వీల్ నడిమి రంధ్రం అంతకంటే పెద్దదైతే సందులో సెంట్రింగ్ రింగు ఉండాలి. టైరు మార్చేటప్పుడు ఆ ప్లాస్టిక్ రింగు ఒకటి విరిగి ఊడిపోయినా ఎవరూ గమనించరు. ఇంకొకటి: తూకం సరిపోయిన టైరులో కూడా గట్టిదనం చుట్టూ ఒకేలా ఉండకపోవచ్చు. మామూలు మెషీన్‌కి అది అందదు. చక్రం మీద రోలర్ నొక్కి తిప్పే రోడ్ ఫోర్స్ మెషీన్ ఉన్న షాపుకే వెళ్లాలి. రెండుసార్లు మామూలు బ్యాలెన్సింగ్ చేయించినా పోని అదురుకు మూడోసారి అదే చేయించడం దండగ.

"ఎంఓటీ పాసయింది." ఎంఓటీ అంటే బండి రోడ్డుకు తగినదా అని బ్రిటన్‌లో ఏటేటా చేసే పరీక్ష. అందులో కారును మోటర్‌వే వేగంతో రోడ్డు మీద నడపరు. ఈ అదురుకూ ఆ సర్టిఫికెట్‌కూ సంబంధం లేదు.

ఇదంతా నెలల తరబడి ఒకే తీరుగా ఉన్న అదురు సంగతి. నిన్నటిదాకా లేనిది ఇవాళ దారి మధ్యలో హఠాత్తుగా మొదలై, మైలు మైలుకీ పెరుగుతుంటే వేగం తగ్గించి తర్వాతి ఎగ్జిట్‌లో దిగిపోండి. వీల్ నట్లు వదులయ్యాయేమో, టైరు పక్కన ఉబ్బు కనిపిస్తోందేమో చూడకుండా ఆ బండిని మళ్లీ మోటర్‌వే ఎక్కించకండి.