కట్ట బలం ఎవరి పూచీ?

నెల్లూరు సీమకు అసలైన వానకాలం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. రాష్ట్రంలో చాలా చోట్ల నైరుతి వానలకు నాట్లేస్తుంటే, ఈ తీరం వాయుగుండాల కోసం కాచుకుని ఉంటుంది. కోరుకున్న వానే రెండు రోజులు ఆగకుండా కురిస్తే చెరువుకు గండి. అందుకే ఇక్కడ కట్ట పోయడం ఒక ఎత్తు, దాన్ని ఏటా బలపరుచుకోవడం మరో ఎత్తు.

పెన్నా పరీవాహకంలోనే, ఎగువన కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి చెరువు శాసనం ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించిన ఆ చెరువుకు వెయ్యిమంది కూలీలు, రాయి తోలే నూరు బండ్లు రెండేళ్లు పనిచేశాయట. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు కూడా ఆ శాసనం లెక్కగట్టింది. కట్ట ఊట పెట్టడం ఆ దోషాల్లో ఒకటి. పుణ్యం మాత్రం కట్టించినవాడి ఖాతాలోనే పడింది.

తర్వాతి పని ఊరిది. బొరియలు పూడ్చడం, కోసుకుపోయిన చోట మట్టి పోసి దిమ్మిస కొట్టడం, లోపలి వాలున జారిన రాళ్లు మళ్లీ పేర్చడం, కాలువ పూడిక తీయడం: దీన్నే కుడిమరామత్తు అన్నారు. కుంపిణీ దొరలు 1855లో నెల్లూరు దగ్గర పెన్నాకు ఆనకట్ట కట్టారు. మూడేళ్లకు మద్రాసు 1858 ఒకటో చట్టం వచ్చింది. గండి ముంచుకొస్తే అధికారులు ఊరివాళ్లను పనిలోకి రప్పించవచ్చు, కూలి ఇవ్వాలి. ఆనవాయితీగా చేయాల్సిన పనికి కారణం లేకుండా రానివాడు మాత్రం ఆ శ్రమ విలువకు రెట్టింపు చెల్లించాలి. ఊరి కట్టుబాటుకు సర్కారు జరిమానా తోడైందన్నమాట! చెరువుల మీద శిస్తు తీసుకునే దొర, కట్ట బాధ్యతలో సగం రైతు మీదే ఉంచాడని నాకనిపిస్తుంది.

పెన్నా మీదే సంగం ఆనకట్ట 1886కు పూర్తయింది. 1997 చట్టం నీటి వినియోగదారుల సంఘాలను తెచ్చి, నిర్వహణలో రైతుకు మళ్లీ చోటిచ్చింది. ఈసారి జరిమానాతో కాదు, ఎన్నికలతో.

2021 నవంబరులో సోమశిల జలాశయం నుంచి వదిలిన వరదకు పెన్నా పొంగి, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, జాతీయ రహదారీ తెగింది. 2022 సెప్టెంబరులో సంగం, నెల్లూరు బ్యారేజీలు ప్రారంభమయ్యాయి. వాటి గేట్లు ఎత్తడం, దించడం ఇంజనీర్ల పని. ఊరి చెరువు అలా కాదు. కట్ట ఊరుతోందని నీటిపారుదల శాఖ ఏఈకి ఫోన్ వెళ్తుంది, ఆయన వచ్చేలోగా ఇసుక బస్తాలు మోసేది ఆయకట్టు రైతులే.