ఉత్తరములతో ఆడిన ఆటలు

1824వ సంవత్సరమున లండను చదరంగ సంఘమునకును ఎడింబరో చదరంగ సంఘమునకును పోటీ ఆరంభమైనది. ఆటగాండ్రు ఎదురెదురుగా కూర్చుండలేదు. ఒక ఊరివారు ఎత్తు వేసి, దానిని ఉత్తరములో వ్రాసి తపాలాకు అప్పగించెడివారు. రెండవ ఊరివారు ఆ ఎత్తును తమ బల్లమీది పావులతో వేసి చూచుకొని, ఆలోచించి, ప్రత్యుత్తరము పంపెడివారు. ఆ రెండు నగరముల నడుమ రైలు ఇంకను లేని కాలమది. పోటీ 1828లో ముగిసినది. ఎడింబరో వారు గెలిచిరి.

నాలుగేండ్లు సాగిన ఈ పోటీలో తపాలా ఆలస్యము ఆటను చెడగొట్టలేదు సరికదా, ఆలోచనకు కావలసిన వ్యవధి నిచ్చినది. ఈ సంగతిని గుర్తుంచుకొన్నచో, మన కాలమున ఈ-మెయిలు ద్వారా ఆడిన పాత్రధారణ ఆటలు ఎట్లు పెరిగినవో, ఎందుచేత క్షీణించినవో సులభముగా బోధపడును.

తపాలాలో రాజ్యతంత్రము

అమెరికాలో ఆలన్ కాల్‌హామర్ అనునతడు 1954లో కల్పించిన డిప్లొమసీ అను ఆట 1959లో అమ్మకమునకు వచ్చెను. మొదటి ప్రపంచ యుద్ధమునకు పూర్వపు ఐరోపా పటముపై ఏడుగురు ఆటగాండ్రు ఏడు రాజ్యములకు అధిపతులై ఆడుదురు. ఇందు పాచికలు లేవు. రహస్య మంతనములు, వాగ్దానములు, వాగ్దాన భంగములు, ఇవియే ఆయుధములు. అందరి ఆజ్ఞలను ఒకేసారి విప్పి చూచెదరు. భౌతికశాస్త్రజ్ఞుడైన జాన్ బోర్డ్‌మన్ 1963లో ఈ ఆటను తపాలా ద్వారా నడుపుటకై గ్రౌస్టార్క్ అను చిన్న పత్రికను ఆరంభించెను. ఒక గడువునకును మరియొక గడువునకును నడుమ గల దినములే ఆటగాండ్రు ఒకరికొకరు రహస్యముగా ఉత్తరములు వ్రాసికొనుటకు అవకాశము. ఆ దినములు లేనిచో మంతనములును లేవు. 1970లో రిక్ లూమిస్ ఆరంభించిన న్యూక్లియర్ డిస్ట్రక్షన్ అను ఆటతో, రుసుము తీసికొని తపాలా ఆటలు నడుపుట ఒక వ్యాపారముగా కూడ మారినది.

మూడు పాయల కలయిక

ఈ-మెయిలు ఆటలలో మూడు పాయలు కలిసినవి. తపాలా ఆట మొదటిది. రెండవది, గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో ప్రకటించిన డంజన్స్ అండ్ డ్రాగన్స్. ఇందు ప్రతి ఆటగాడును ఒక కల్పిత పాత్రను ధరించును. సూత్రధారి యొకడు ఆ లోకమును వర్ణించి, పాత్రల పనులకు ఫలితము చెప్పును. మూడవది, 1971లో రే టామ్లిన్సన్ ఒక కంప్యూటరు నుండి మరియొక కంప్యూటరునకు పంపి చూపిన ఈ-మెయిలు.

1990 తరువాత ఇంటర్నెట్టు ఇండ్లలోనికి వచ్చుటతో ఈ మూడును ఏకమైనవి. స్టార్ ట్రెక్ అను అంతరిక్ష కథల అభిమానులు ఇట్టి ఆటలను ఉత్సాహముతో నడిపిరి. ఆట పద్ధతిని ఒక ఉదాహరణతో చూతము. ఒక అంతరిక్ష నౌకలో ఇంజను చెడినదని సూత్రధారి అందరికిని ఒకే జాబు పంపును. ఇంజనీరు పాత్రధారి తాను చేసిన మరమ్మతును రెండు మూడు పేరాలలో కథగా వ్రాయును. వైద్యుని పాత్రధారి గాయపడినవారి కథను అందుకొనును. ఇది ఒక్కొక్క ప్రకరణమును ఒక్కొక్క రచయిత వ్రాయు గొలుసుకట్టు నవల వంటిది. ఇతరుల పాత్ర ఏమి చేసినదో తాను నిర్ణయించి వ్రాయరాదనునది ముఖ్యమైన మర్యాద. తన వాక్యము ముగించి, తరువాతివానికి ఒక తలుపు తెరచియుంచుటయే నేర్పు. కాగితమునకును తపాలా బిళ్లకును ఖర్చులేదు. వేరువేరు దేశములవారు ఒకే కథలో పాలుగొనవచ్చును.

వేగము తెచ్చిన మార్పు

అయితే ఈ ఆటలను పెంచిన వేగమే వాటిని వెనుకకు నెట్టినది. ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయమున రాయ్ ట్రబ్‌షా 1978లో ఆరంభింపగా, రిచర్డ్ బార్టల్ అభివృద్ధి చేసిన మడ్ అను ఆటలో అనేకులు ఒకే సమయమున అక్షరములతోనే సంచరించుట సాధ్యమైనది. పిదప 1997లో అల్టిమా ఆన్‌లైన్, 1999లో ఎవర్‌క్వెస్ట్, 2004లో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ వచ్చినవి. వీటిలో నౌకను, కోటను, రాక్షసుని వర్ణించనక్కరలేదు, తెరమీద కన్పించును. ఫలితము క్షణములో తెలియును. వ్రాయుటయందు మక్కువ తగ్గనివారు కూడ 2015లో వచ్చిన డిస్కార్డ్ వంటి తక్షణ సంభాషణ సాధనములకు మరలిరి. అచ్చట పేరా పోయి వాక్యము వచ్చినది.

ఆటలోనే ఒక బలహీనత కూడ కలదు. పదిమంది కథలో ఒక్కడు మౌనము వహించినను మిగిలినవారు వేచియుండవలెను. ఉత్తరమునకు వారము పట్టు కాలమున వారము వేచియుండుట సహజము. జాబు క్షణములో చేరు కాలమున రెండు దినముల మౌనము ఉపేక్షవలె తోచును. నిరీక్షణ మారలేదు, దాని అర్థము మారినది.

ఈ ఆటలకు మరియొక నష్టము కూడ కలిగినది. అనేక బృందముల జాబులు నిలువయుండిన యాహూ గ్రూప్స్ 2020 డిసెంబరు 15న పూర్తిగా మూతపడినది. ఎవరును విడిగా భద్రపరచుకొనని కథలు దానితోనే పోయినవి. లండను, ఎడింబరో ఆటగాండ్రు రెండువందల యేండ్ల క్రిందట కాగితముపై వ్రాసికొనిన ఎత్తులను నేడును బల్లపై వేసి చూడవచ్చును. ఇరువదియేండ్ల క్రిందటి అంతరిక్ష నౌక కథ మాత్రము దొరకకపోవచ్చును. వేగముగా ప్రయాణించు అక్షరము ఎక్కువకాలము నిలుచునను నియమము లేదు.

ఈ-మెయిలు ఆటలు పూర్తిగా అంతరింపలేదు. కొలదిమంది ఇంకను ఆడుచున్నారు. కొత్త సాధనము వచ్చినపుడు అది ఏమి ఇచ్చినదో వెంటనే గుర్తింతుము. ఏమి తీసికొనిపోయినదో గుర్తించుటకు మాత్రము కాలము పట్టును. ఈ-మెయిలు తపాలా ఆలస్యమును తొలగించినది. తరువాతి సాధనములు ఆలోచించి వ్రాయు వ్యవధిని కూడ తొలగించినవి. ఆ వ్యవధిని ఎవరును లోపముగా తలచనవసరము లేదు. ఎడింబరో ఆటగాండ్రు గెలిచినది దానితోనే గదా!